మాత్ర మానుట – విశ్వాసమా, తొందరపాటా?

ధ్యానించుటకు: నిర్గమకాండము 13:17, 23:29, 30. మత్తయి 4:5–7.



ఈ మాసము మనము ఒక చిన్న మాత్రను గూర్చి ఆలోచించుదము. అది కందిగింజంత కూడ ఉండదు. అయినను మన గ్రామములలో ఎన్నో ఇండ్లలో దిండు క్రిందనో, బియ్యపు డబ్బా మీదనో, బైబిలు సంచిలోనో అది యున్నది. దిగులు పోవుటకని, గుండెదడ తగ్గుటకని, రాత్రి నిద్ర పట్టుటకని వైద్యులు దానిని వ్రాసి యిత్తురు. దానిని వాడువారిలో అనేకులు ఆ సంగతి పొరుగువారికి చెప్పరు. సంఘములో అసలే చెప్పరు. దేవుని నమ్ముకొన్నవారికి ఈ మాత్ర యెందుకు అను మాట వినవలసి వచ్చునేమో అని వారి భయము. ఆ భయము చేతనే కొందరు ఒక దినమున ఎవరిని అడుగకయే దానిని విసరివేయుదురు. ఇట్లు ఒక్కసారిగా మానుట విశ్వాసమా? మెల్లగా మానుట అవిశ్వాసమా? ఇదియే మన ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో దొరికినది కాదు. మా తప్పిదము వలన మా యెదుటికి వచ్చినది. దానిని దాచక చెప్పెదము.

మా సంఘములలో ఒకదానిలో ఒక సహోదరి యున్నది. భర్త పొలములో పాముకాటుకు చనిపోయిన తరువాత ఆమెకు నిద్ర లేకపోయెను. పట్టణములోని వైద్యుడు ఆల్ప్రజోలం అను మాత్రను రెండు వారములకు వ్రాసి యిచ్చి, మరల వచ్చి కనబడుమని చెప్పెను. బస్సు ఖర్చునకు, కూలి పోవునను దిగులునకు ఆమె మరల వెళ్లలేదు. పాత చీటీ చూపి మందుల షాపులో మాత్రలు తెచ్చుకొనుచుండెను. మొదట రాత్రికి ఒకటి. కొంతకాలమునకు అది చాలలేదు. నాలుగేండ్లు గడచుసరికి ఉదయము ఒకటి, రాత్రి రెండు.

ఉజ్జీవ కూటముల చివరి రాత్రి, ఆదివారమున, ఆమె మాత్రల అట్ట తెచ్చి మా చేతిలో పెట్టి, “అయ్యగారూ, ఇక నాకు యేసయ్య చాలు. ఇవి వద్దు” అనెను. మేము మిక్కిలి సంతోషించితిమి. ఆమెను వేదిక యొద్ద నిలువబెట్టి సాక్ష్యము చెప్పించితిమి. కూడివచ్చిన వారందరు దేవుని స్తుతించిరి. ఇవి ఎన్నాళ్లనుండి వాడుచున్నావమ్మా, వైద్యునితో చెప్పితివా అని మాలో ఒక్కరమును అడుగలేదు.

సోమవారము రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు. మంగళవారము చేతులు వణకి నీళ్లచెంబు పట్టుకొనలేకపోయెను. పళ్లెము క్రిందపడిన చప్పుడునకు చెవులు మూసికొని ఏడ్చెను. చీర తడియునంత చెమట పట్టెను. పోయిన దయ్యము మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చినదని ఇరుగుపొరుగువారు చెప్పుకొనిరి. సంఘపెద్దలలో ఒకరు ఆమె యింటికి పోయి, “అక్కా, నీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉంది. ఉపవాసం ఉండు” అని చెప్పిరి. ఆమె ఉపవాసముండెను. బుధవారము తెల్లవారుజామున ఆమెకు మూర్ఛ వచ్చెను. నాలుక కరచుకొనెను. 108 బండిలో ఆసుపత్రికి తీసికొనిపోతిమి.

అక్కడి వైద్యురాలు మేము చెప్పినదంతయు ఓపికగా వినెను. “అయ్యగారూ, ఈమెకు దయ్యమూ లేదు, విశ్వాసంలో లోపమూ లేదు. నాలుగేళ్లు రోజూ వేసుకున్న మందు ఒక్క పూటలో ఆపితే ఎవరికైనా ఇలా కావచ్చు. మీ దేవుణ్ణి నమ్మినవారికీ కావచ్చు, నమ్మనివారికీ కావచ్చు” అనెను. ఆ నెమ్మదియైన మాట మమ్మును గద్దించినంతగా ఏ ప్రసంగమును మమ్మును గద్దించలేదు.

మాత్ర శరీరములో చేయు పని

ఆమె వాడిన మాత్ర బెంజోడయాజిపైన్లు అను మందుల జాతికి చెందినది. డయాజిపాం, లోరాజిపాం, క్లోనాజిపాం అనునవియు ఈ జాతివే. వీటిలో మొదటి దానిని అమెరికాలోని న్యూజెర్సీలో రోష్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన లియో స్టెర్న్‌బాక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అది లిబ్రియం అను పేరుతో 1960లోను, దాని తరువాతిది వేలియం అను పేరుతో 1963లోను అంగడికి వచ్చెను. అంతకు ముందు నిద్రకు వాడిన బార్బిట్యురేట్లు కొంచెము మితిమీరినను ప్రాణము తీయునవి. వాటితో పోల్చిన ఇవి క్షేమమని లోకము సంతోషించినది. నిజముగనే ఇవి ఎందరికో మేలు చేసినవి. మూర్ఛ ఆగక వచ్చుచున్నవానిని నేడును ఆసుపత్రులలో ఈ జాతి మందుతోనే కాపాడుదురు.

అయితే 1961లోనే ఒక హెచ్చరిక వినబడెను. అమెరికాలో లియో హాలిస్టర్ అను వైద్యుడును ఆయన తోటివారును, పెద్ద మోతాదులో నెలల తరబడి లిబ్రియం వాడిన రోగులలో 11 మందికి మందును ఒక్కసారిగా ఆపి, దాని స్థానమున మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చి చూచిరి. వారిలో 10 మందికి క్రొత్త బాధలు కలిగెను. ఇద్దరికి మూర్ఛ వచ్చెను.

ఇట్లు ఎందుకగును? మన మెదడులో గాబా అను పదార్థము గలదు. వాలులో దిగు బండికి బ్రేకు ఎట్టిదో, పరుగెత్తు నరములకు అది అట్టిది. ఈ మాత్ర ఆ బ్రేకునకు బలమిచ్చును. కావున దడ తగ్గును, నిద్ర వచ్చును. కాని దినదినము బయటనుండి సహాయము వచ్చుచున్నప్పుడు మెదడు తన సొంత బ్రేకును సడలించుకొనును. అందుచేతనే మొదట చాలిన మాత్ర తరువాత చాలదు. అట్టి స్థితిలో మాత్రను ఒక్కసారిగా తీసివేసినచో, సహాయమును పోయినది, సొంత బ్రేకును సడలియున్నది. బండి వాలులో పరుగెత్తును. నిద్రలేమి, వణకు, చెమట, గుండెదడ, వాంతి వచ్చునట్లుండుట, కండరములు బిగియుట, వెలుతురును శబ్దమును సహింపలేకపోవుట, చుట్టునున్నది నిజము కానట్లు తోచుట – ఇవన్నియు ఆ పరుగే. అది మితిమీరినచో మతిభ్రమణము, మూర్ఛ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము.

ఇది బలహీనులకు మాత్రమే కలుగునని తలంపరాదు. వైద్యుడు చెప్పినట్లే క్రమముగా వేసికొన్నను, కొన్ని దినములు మొదలు కొన్ని వారములలోనే శరీరము దీనికి అలవాటుపడవచ్చునని అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ 2020లో ఈ మాత్రలన్నిటిపైని గట్టి హెచ్చరిక వ్రాయించినది. శరీరము అలవాటుపడుట వేరు, వ్యసనము వేరు. మా సహోదరి మత్తు కోరి వేసికొన్నది కాదు, నిద్ర కోరి వేసికొన్నది.

మన ప్రాంతములో జరిగినది

ఈ సంగతి మన తెలుగు నేలకు దూరమైనది కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపు మత్తుపదార్థములలో ఈ ఆల్ప్రజోలం, డయాజిపాం ఉండుట అధికారులు ఎన్నోసార్లు పట్టుకొన్న సంగతి. త్రాగువానికి తాను కల్లు మాత్రమే త్రాగుచున్నానని తోచును. శరీరము మాత్రలకు అలవాటుపడుచుండును. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీ కల్లును అరికట్టినప్పుడు అనేకులు వణకుచు, పిచ్చిగా మాటలాడుచు ఆసుపత్రుల పాలైరి. 2020 మార్చిలో కరోనా వలన దేశమంతటను లాక్‌డౌన్ విధించి కల్లు దుకాణములు మూసినప్పుడు, హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు అట్టివారు గుంపులుగా వచ్చిరి.

విషము అమ్ముటను ఆపుట మంచి పనియే. దానిని తప్పని ఎవరందురు? అయినను, మంచి పని యైనంత మాత్రమున శరీరము దానిని ఒక్క దినములో ఓర్వలేదు. మంచి ఉద్దేశము వేరు, మంచి మార్గము వేరు. రెండును కలిసినప్పుడే మేలు కలుగును.

మనలో వినబడు మాటలు

చింతపడవద్దని ప్రభువు తన శిష్యులకు ఆజ్ఞాపించలేదా, దిగులునకు మందు వేసికొనుట ఆ ఆజ్ఞ మీరుట కాదా, అని కొందరందురు. రేపటి కూటిని గూర్చి దేవుని నమ్మక మనము కూర్చుకొను చింత ఒకటి. చేయి వణకి, గుండె కొట్టుకొని, కారణము లేకయే ప్రాణము పోవునట్లు తోచు రోగము మరియొకటి. మొదటి దానికి ఉపదేశము చాలును. రెండవ దానికి ఉపదేశముతో పాటు వైద్యము కావలెను. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరి పండుకొన్నప్పుడు దేవుని దూత ఆయనను మందలించలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. యెషయా హిజ్కియా పుండు మీద అంజూరపుపండ్ల ముద్ద పెట్టించెను. పౌలు ప్రార్థన తెలియనివాడై తిమోతి కడుపునొప్పికి మందు చెప్పలేదు.

ఏ వస్తువునకును మనము లోబడియుండరాదని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా అని మరికొందరందురు. ఇది బరువైన మాట. మేమును దానిని తేలికగా తీసికొనము. వైద్యుని చూడక, పాత చీటీతో ఏండ్ల తరబడి ఈ మాత్రలు తెచ్చుకొనుట మంచిది కాదు. పగలు మబ్బుగా నుండుట, మరపు కలుగుట, వృద్ధులు పడి ఎముకలు విరుగగొట్టుకొనుట – ఇవన్నియు దీని వలన కలుగవచ్చును. కాబట్టి విడుదల కోరుట న్యాయమే. అయితే విడుదలకు దేవుడే చూపిన మార్గమును గమనింపుడి. ఐగుప్తునుండి ఇశ్రాయేలీయులను నడిపించినప్పుడు దగ్గరదారి యున్నను దేవుడు వారిని ఆ దారిన తీసికొనిపోలేదు. యుద్ధము చూచి బెదరి మరల ఐగుప్తునకే తిరిగిపోవుదురని ఆయన ఎరుగును. కనాను చేరిన తరువాతను, ఒక్క సంవత్సరములోనే శత్రువులనందరిని వెళ్లగొట్టనని ఆయన చెప్పెను. దేశము పాడై, అడవిమృగములు విస్తరించి బాధించునని కారణము కూడ చెప్పెను. ప్రజలు వృద్ధిపొందుచున్న కొలదిని కొంచెము కొంచెముగా వెళ్లగొట్టుట ఆయన యేర్పాటు. సర్వశక్తిగల దేవుడు ఒక్క దినములో చేయలేక కాదు. నేల ఓర్చుకొనునంత మేరకే చేసెను. శరీరము కూడ ఆయన చేసిన నేలయే.

ఫలాని ఊరిలో ఒకడు ఒక్క దినమున మానివేసెను, అతనికేమియు కాలేదు అను మాట కూడ వినబడును. అది నిజమైయుండవచ్చును. మోతాదును బట్టి, వాడిన కాలమును బట్టి, దేహమును బట్టి ఫలితము మారును. దానికొరకు దేవుని స్తుతింతము. కాని ఒకనికి కలిగిన మేలును అందరికి ఆజ్ఞగా చేయు అధికారము మనకు లేదు. దేవాలయ శిఖరము మీద నిలిచిన ప్రభువును సాతాను దూకుమనెను. దూతలు పట్టుకొందురని లేఖనము కూడ చూపెను. ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మిక లేక కాదు; తండ్రిని శోధింపరాదని. దిగుటకు మెట్లుండగా దూకుట విశ్వాసము కాదు. ఒక అడుగు తరువాత ఒక అడుగు, నెలల తరబడి, ఎవరును చప్పట్లు కొట్టకున్నను దిగుటకు ఎక్కువ విశ్వాసము కావలెను.

మెట్లు దిగు విధము

చెరువు నిండియున్నప్పుడు కట్టకు గండి కొట్టము. తూము ఎత్తి నీరు వదలుదుము. ఈ మాత్ర మానుటయు అట్లే. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అను వైద్యురాలు 1982 నుండి 1994 వరకు ఈ మాత్రలు మానగోరువారికొరకే ఒక వైద్యశాల నడిపి, వారు చెప్పినదానిని విని, మెల్లగా మాను విధమును గూర్చి 1999లో ఒక చిన్న గ్రంథము వ్రాసెను. 2025లో అమెరికాలోని పలు వైద్య సంఘములు కలిసి వెలువరించిన మార్గదర్శకము కూడ ఇదే త్రోవను చూపుచున్నది: మొదట మోతాదులో 5 నుండి 10 శాతము మాత్రమే తగ్గించి, 2 నుండి 4 వారములు ఆగి, రోగి ఎట్లున్నదో చూచి తరువాతి మెట్టు దిగవలెను, సాధారణముగా ఏ రెండు వారములలోను 25 శాతమునకు మించి తగ్గించరాదు. ఈ అంకెలు వైద్యుడు లెక్క కట్టుకొనుటకే గాని మనము ఇంటిలో మాత్రను విరుచుకొనుటకు కాదు. ఆల్ప్రజోలం వంటివి దేహమునుండి త్వరగా పోవును గనుక, కొందరికి వైద్యులు ముందు నెమ్మదిగా పోవు డయాజిపామునకు మార్చి, పిదప తగ్గింతురు. గర్భిణులకును, మూర్ఛ రోగము గలవారికిని, వృద్ధులకును మరింత జాగ్రత్త అవసరము.

త్రోవలో బాధలు వచ్చినచో, అది పాత రోగము తిరిగి వచ్చుటయా, మందు తగ్గినందున కలిగినదా అని తెలిసికొనవలెను. మోతాదు తగ్గించిన కొద్ది దినములలో, మునుపెన్నడును లేని క్రొత్త బాధలు కలిగి, అలలవలె వచ్చి పోవుచు దినములు గడచిన కొలదిని తగ్గుచున్నచో, తరచుగా అది మందు తగ్గినందున కలిగినదే. అయినను నిర్ణయము వైద్యునిదే. అట్టి సమయమున అక్కడనే కొన్నాళ్లు నిలుచుట ఓటమి కాదు. బాధ తాళలేక కల్లు గాని సారాయి గాని త్రాగుట, మత్తు కలిగించు నొప్పిమాత్ర కలుపుట బహు ప్రమాదము, ఊపిరి ఆగవచ్చును. మూర్ఛ వచ్చినను, మతి తప్పినను, చావవలెనను తలంపు కలిగినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

మరి యొక మాట. దిగులునకు ఇచ్చు మందులన్నియు ఈ జాతివి కావు. కాని వేరు జాతి మందులను కూడ అనేకముగా ఒక్కసారి ఆపరాదు. కొందరికి మందు ఎక్కువ కాలము అవసరమని వైద్యుడు చెప్పవచ్చును. వారు సిగ్గుపడనక్కరలేదు. ఈ వ్యాసము చదివి ఎవరును తమంతట తాము మందు మానకుందురు గాక.

సంఘము చేయవలసినది

ఎవరైనను మాత్రల అట్ట తెచ్చి వేదిక యొద్ద పెట్టినచో, వారికొరకు ప్రార్థించి, ఆ అట్టను వారి చేతికే తిరిగి యిచ్చి, వైద్యుని యొద్దకు వెంటబెట్టుకొని పోవలెను. వణకుచున్నవారిని చూచి దయ్యమనరాదు; ఉపవాసముండుమని వారి మీద భారము పెట్టరాదు. ఆసుపత్రికి పోవు దినమున ఒకరు తోడు వెళ్లవలెను. కూలి పోయినవారికి సంఘపు చందాలో బస్సు ఖర్చు చూడవలెను. స్త్రీల సమాజమువారు రాత్రివేళ తోడు పండుకొనవచ్చును. ఎవరికి చెప్పుకొనవలెనో తెలియనివారు 14416 అను ప్రభుత్వపు టెలి మానస్ నంబరునకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

మా సహోదరికి ఆ వైద్యురాలు మాత్రను మరల మొదలుపెట్టి, మందు మార్చి, పదకొండు నెలలలో మెల్లగా తగ్గించెను. నాట్ల కాలమున బాధ ఎక్కువైనందున ఆరు వారములు ఏమియు తగ్గించక నిలిపెను. ఆ దినములలో మేము ఆమె యింటికి పోయి, చేసిన తప్పును ఒప్పుకొని, “అమ్మా, మేము నీ కొరకు ఏమి చేయగలము?” అని అడిగితిమి. ఆమె కొంచెము ఆలోచించి, “సాక్ష్యం మాత్రం ఇప్పుడు చెప్పించకండి అయ్యగారూ. ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు అమ్మగారిని నాతో పంపండి, చాలు” అనెను.

మాత్ర ఆగి ఇప్పటికి ఏడాది దాటినది. ఆమెకు కొన్ని రాత్రులు నిద్ర పట్టును, కొన్ని రాత్రులు పట్టదు. పట్టని రాత్రి భర్తను తలంచుకొని ఏడ్చునని చెప్పినది. ఆ దుఃఖము రోగము కాదు. దానికి మాత్ర అక్కరలేదు, పక్కన కూర్చుండు మనుష్యులు కావలెను. ఆ పని మనకు అప్పగింపబడినది.

ప్రార్థింతము: మా దేహములను ఎరిగిన తండ్రీ, మా తొందరపాటును విశ్వాసమని పిలిచిన తప్పును క్షమించుము. మెల్లగా నడచువారితో మెల్లగా నడచు ఓర్పును మాకు దయచేయుము. ఆమేన్.